బంతి వదిలి బరిలోకి

షికాగో బేర్స్ ఫుట్‌బాల్ జట్టు బ్రాంకో నగర్‌స్కీకి 1930లో ఇచ్చిన జీతం 5,000 డాలర్లు. మరుసటి ఏడాది అది 4,500 అయింది. 1932లో 3,700కి దిగింది. ఈ లెక్క తర్వాతి కాలంలో అతనే చెప్పుకొన్నది. ఆ మూడేళ్లలో అతని ఆట ఏమాత్రం తగ్గలేదు. 1932 డిసెంబరులో మంచు దెబ్బకు మైదానం పనికిరాక షికాగో ఇండోర్ స్టేడియంలో జరిపిన నిర్ణాయక పోటీలో సహ ఆటగాడు రెడ్ గ్రేంజ్‌కి బంతి అందించి గెలుపు బాట వేసినవాడు అతనే. అలా గెలిపించిన ఏడాదే అతని జీతం అన్నిటికన్నా తక్కువ. మరుసటి ఏడాది, 1933లో, అతను కుస్తీ బరిలో దిగాడు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని, అడ్డొచ్చినవాళ్లను భుజాలతో గుద్దుకుంటూ పోయే అమెరికన్ ఫుట్‌బాల్. కుస్తీ అంటే డబ్ల్యూడబ్ల్యూఈ పేరుతో టీవీల్లో మన ఇళ్లదాకా వచ్చిన ప్రొఫెషనల్ రెజ్లింగ్ తాతలనాటి రూపం.

ఫుట్‌బాల్ నుంచి రెజ్లింగ్‌కు వెళ్లినవాళ్ల గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. భారీ శరీరాలు కాబట్టి సహజంగానే అటు వెళ్తారన్నది ఒకటి. అసలైన ఆటలో నిలబడలేనివాళ్లు నాటకపు ఆటలోకి జారుకుంటారన్నది రెండోది, ఇందులో చిన్నచూపు ఉంది. సాక్ష్యాలను వరసగా పెట్టి చూస్తే ఈ రెండూ నిలవవు. శరీరమే కారణమైతే అన్ని దశాబ్దాల్లోనూ ఒకే తీరు ఆటగాళ్లు వెళ్లి ఉండాలి. కానీ ఒకప్పుడు ఆటలో శిఖరాన ఉన్నవాళ్లు వెళ్లారు, ఇప్పుడు జట్టులో చోటు దొరకనివాళ్లు వెళ్తున్నారు. చేతకానితనమే కారణమైతే నగర్‌స్కీ పేరు ఈ జాబితాలో ఉండనే ఉండకూడదు. ఫుట్‌బాల్ యజమాని ఆటగాడికి ఎంత ఇచ్చాడు, అతన్ని ఎంత గట్టిగా కట్టేసి ఉంచాడు అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే మాత్రం దాదాపు నూరేళ్ల ఈ వలసకు అర్థం దొరుకుతుంది.

మొదట బరి వైపు నుంచి చూడాలి. 1920ల నాటికి అమెరికాలో పెద్ద కుస్తీలన్నీ లాలూచీ కుస్తీలే. ఎవరు గెలవాలో ప్రమోటర్లు ముందే తేల్చేవారు. ఫలితం చేతిలో ఉన్నప్పుడు వాళ్లకు కావలసింది టికెట్ అమ్మగల పేరు. అలాంటి పేర్లు తయారయ్యే చోటు ఆ రోజుల్లో విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ మైదానం. వేల మంది కూర్చునే స్టేడియాలు కాలేజీలు కట్టుకుంటున్నాయి, పత్రికలు కాలేజీ ఆటగాళ్ల ఫొటోలు వేస్తున్నాయి. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ మాత్రం 1920లో పుట్టి ఇంకా తప్పటడుగులు వేస్తోంది. అంటే కాలేజీ మైదానం కుర్రాడికి పేరు తెచ్చిపెట్టేది, ఆ పేరుకు తగ్గ డబ్బు ఇచ్చే లీగ్ లేదు. ఆ ఖాళీలోకే కుస్తీ ప్రమోటర్ వచ్చాడు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం జట్టులో ఆడిన వేన్ మన్ అనే ఆజానుబాహుణ్ని తెచ్చి, 1925 జనవరి 8న కాన్సస్ సిటీలో ఎడ్ 'స్ట్రాంగ్లర్' లూయిస్ అంతటి చాంపియన్‌ను ఓడించినట్టు చూపించి ప్రపంచ టైటిల్ కట్టబెట్టారు. మన్‌కు కుస్తీ పట్లు అంతంత మాత్రమే. ఆ సంగతి లూయిస్ వర్గానికి తెలుసు, వాళ్ల ప్రత్యర్థులకూ తెలుసు.

మూడు నెలలకే దాని ఫలితం తేలింది. ఏప్రిల్ 15న ఫిలడెల్ఫియాలో మన్ చేతిలో ఓడిపోవడానికి ఒప్పుకొని వచ్చిన స్తానిస్లాస్ జిబిస్కో, ప్రత్యర్థి వర్గమైన స్టెకర్ శిబిరంతో కుమ్మక్కై, మాట తప్పి నిజంగానే కుస్తీ పట్టాడు. నలభైల్లో ఉన్న ఆ పోలిష్ వస్తాదు ముందు ఫుట్‌బాల్ వీరుడు నిలవలేకపోయాడు. టైటిల్ పోయింది. ఈ జిబిస్కో మన దేశంలో కుస్తీ చరిత్ర చదివినవాళ్లకు పరిచితుడే. 1910లో లండన్‌లో గామా పహిల్వాన్‌తో గంటల తరబడి నేలకరుచుకుని తలపడినవాడు, 1928లో పటియాలాలో అదే గామా చేతిలో నిమిషం తిరక్కుండానే ఓడినవాడు. మన్ కథ నుంచి నాకు తోచేది ఇది. ఫుట్‌బాల్ పేరు టికెట్లు అమ్మగలదు, బరిలో ఆ మనిషిని కాపాడలేదు. ఫలితం ముందే రాసి ఉన్నా, ఎదుటివాడు మాట తప్పిన రోజున పట్లు తెలిసినవాడే బతికి బయటపడతాడు. మన్ 1931లో, ముప్పై అయిదేళ్లయినా నిండకుండా, మూత్రపిండాల జబ్బుతో చనిపోయాడు.

అంత ఎదురుదెబ్బ తగిలాక ప్రమోటర్లు ఫుట్‌బాల్ జోలికి పోకూడదు. పోయారు, ఎందుకంటే లాభం అంతగా ఉంది. బోస్టన్‌లో పాల్ బౌజర్ అనే ప్రమోటర్ గస్ సోనెన్‌బర్గ్‌ను ఎంచుకున్నాడు. పొట్టిగా, బిగువుగా ఉండే మనిషి. డార్ట్‌మత్ కాలేజీకి ఆడినవాడు కాబట్టి ఆ ప్రాంతంలో ప్రతి ఇంటికీ తెలుసు. అతను టాకిల్‌గా ఆడిన ప్రావిడెన్స్ స్టీమ్ రోలర్ జట్టు 1928లో లీగ్ చాంపియన్ అయింది. ఆ సీజన్ ముగిసి నెల తిరిగిందో లేదో, 1929 జనవరి 4న బోస్టన్ గార్డెన్‌లో అతను లూయిస్‌ను ఓడించి ప్రపంచ కుస్తీ చాంపియన్ అయ్యాడు. అతని ఆయుధం ఫుట్‌బాల్ నుంచి తెచ్చుకున్నదే. పరుగెత్తుకొచ్చి గాలిలోకి లేచి ఎదుటివాడి డొక్కలో భుజంతో గుద్దేవాడు. ఎదుటివాడు పక్కకు తప్పుకుంటే అదే వేగంతో తాళ్ల మధ్య నుంచి బయట పడేవాడు. అప్పటిదాకా చాప మీద గంటల కొద్దీ పట్లు బిగించుకుని పడుకునే కుస్తీ చూసి విసిగిన జనానికి ఇది కొత్త వేడుక అయింది. ఇవాళ టీవీలో రెజ్లర్లు గాల్లోకి ఎగిరి మీద పడే విన్యాసాలకు పూర్వీకుల్లో ఈ ఫుట్‌బాల్ టాకిల్ ఒకటి. అంటే ఫుట్‌బాల్ ఆటగాడు బరికి అరువు పేరు ఇచ్చి ఊరుకోలేదు, కుస్తీ ఆడే తీరునే మార్చాడు. పాతకాపులకు అది మింగుడుపడలేదు. కొన్ని రాష్ట్రాల క్రీడా కమిషన్లు అతని టైటిల్‌ను గుర్తించడం మానేశాయి. లాస్ ఏంజెలెస్‌లో ఒక సాధారణ రెజ్లర్ నడివీధిలో అతన్ని తలతో గుద్ది పడేసి చాంపియన్ పరువు తీశాడు.

ఇక నగర్‌స్కీ. కెనడాలో ఉక్రెయిన్ వలస దంపతులకు పుట్టి, మినెసోటా రాష్ట్రం అంచున ఇంటర్నేషనల్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. మినెసోటా విశ్వవిద్యాలయంలో ఫుల్‌బ్యాక్‌గానూ టాకిల్‌గానూ దేశంలోనే మేటి అనిపించుకుని బేర్స్‌లో చేరాడు. అది మహా మాంద్యం కాలం. 1932లో బేర్స్ నష్టాల్లో కూరుకుపోయి, యజమాని జార్జ్ హాలస్ కొందరికి జీతం బాకీ కింద ప్రామిసరీ నోట్లు రాసిచ్చే స్థితి వచ్చింది. ఆ పరిస్థితిలో జీతం కోయడాన్ని ఒక్కమాటలో దోపిడీ అనలేం. అయితే కోసినా ఆటగాడు మరో జట్టుకు పోలేడన్నది హాలస్‌కు ఉన్న ధీమా. లీగ్‌లో ఒక జట్టు ఆటగాడిని ఇంకొకరు ముట్టుకోకూడదని యజమానుల కట్టుబాటు. 1936 నుంచి కాలేజీ కుర్రాళ్లను పంచుకునే డ్రాఫ్ట్ కూడా వచ్చి, మొదటి ఉద్యోగం ఎక్కడో ఎంచుకునే వీలు కూడా పోయింది. నగర్‌స్కీ బేరమాడటానికి లీగ్ లోపల రెండో గుమ్మం లేదు. బయట ఒకటి ఉంది. మినియాపొలిస్‌లో టోనీ స్టెకర్ అనే కుస్తీ ప్రమోటర్ అతన్ని పిలిచాడు. 1925లో మన్‌ను కూలదోసిన శిబిరంలోని జో స్టెకర్‌కు అన్న, మేనేజర్ ఇతనే. ఫుట్‌బాల్ చాంపియన్ ఎంత బలహీనుడో ఎనిమిదేళ్ల కిందట లోకానికి చూపించిన మనుషుల్లో ఒకడు ఇప్పుడు ఫుట్‌బాల్ చాంపియన్ కోసం వచ్చాడు. ఈ వ్యాపారంలో గిరాకీ ఏ వైపు నుంచి ఉందో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనిపించలేదు.

1937 జూన్ 29న మినియాపొలిస్‌లో డీన్ డెటన్‌ను ఓడించి నగర్‌స్కీ ప్రపంచ టైటిల్ అందుకున్నాడు. ఆ ఏటి ఫుట్‌బాల్ సీజన్‌లో మూడు వారాల వ్యవధిలో బేర్స్ తరఫున ఐదు మ్యాచ్‌లు ఆడి, మధ్యమధ్య ఎనిమిది కుస్తీలు పట్టాడు. పోర్ట్‌లాండ్, వాంకూవర్, సియాటెల్, ఫీనిక్స్, లాస్ ఏంజెలెస్, ఓక్లాండ్, సాల్ట్ లేక్ సిటీ, ఫిలడెల్ఫియా. పటం ముందు పెట్టుకుని ఈ ఊళ్లు గుర్తిస్తే, పడమటి సముద్రం నుంచి తూర్పు తీరం దాకా ఆ శరీరం మోసిన ప్రయాణ భారం తెలుస్తుంది. ఆ సీజన్ తర్వాత జీతం పెంచమని అడిగాడు, హాలస్ ఒప్పుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, ఆట ఇంకా చేతిలో ఉండగానే, నగర్‌స్కీ ఫుట్‌బాల్ మానేశాడు. 1943లో యుద్ధం వల్ల ఆటగాళ్లు కరువై బేర్స్ తిరిగి పిలిస్తే వెళ్లి ఇంకో చాంపియన్‌షిప్ గెలిపించి వచ్చాడు. 1963లో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ తెరిచిన నాడే అతని పేరు అందులో చేరింది. అలాంటి ఆటగాడు తన మంచి వయసులో ఐదు సీజన్లు మైదానానికి దూరంగా ఉండటం ఫుట్‌బాల్‌కు తీరని నష్టం. ఆ నష్టానికి బాధ్యత వహించాల్సింది బరి కాదు, జీతం పెంచనన్న జట్టు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ఫలితం ముందే తేలిన ఆటలో సంపాదించడం గౌరవమా, నిజమైన క్రీడాకారుడు తన పేరును అమ్ముకోవడం కాదా అని. జనాన్ని నిజమైన పోటీ అని నమ్మించి టికెట్ అమ్మడం తప్పే, అది ప్రమోటర్ల పాపం. ఆటగాడి శ్రమ సంగతి వేరు. 1939 జూన్‌లో హ్యూస్టన్‌లో నగర్‌స్కీతో తలపడినప్పుడు లూ థెజ్ మోకాలి చిప్ప పగిలింది. థెజ్ ఆ తరంలో పట్లన్నీ తెలిసిన దిట్ట. ఎవరు గెలవాలన్నది రాసి ఉండవచ్చు, పడే నేల మెత్తబడదు. రాత్రికో ఊరు చొప్పున ఏళ్ల తరబడి అలా పడి లేవడం కూలి చేయడమే. నగర్‌స్కీ పాతికేళ్లకు పైగా ఆ కూలి చేసి, ఆ తర్వాత సొంత ఊళ్లో పెట్రోలు బంకు నడుపుకున్నాడు. రెండు రంగాల్లో ప్రపంచ విజేత అయిన మనిషి చివరికి బంకులో నిలబడ్డాడంటే, రెండో యజమాని కూడా అతనికి జీవితాంతం సరిపడా ఇవ్వలేదన్న మాట.

యుద్ధం తర్వాత ఈ దారి వెడల్పయింది. శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌కు పద్నాలుగు సీజన్లు ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా ఆడిన లియో నోమెలీనీ, 1955లో థెజ్ మీద గెలిచి కొన్ని ప్రాంతాల్లో కొన్ని నెలలపాటు ప్రపంచ చాంపియన్‌గా చెలామణి అయ్యాడు. 1963లో జూదం కేసులో లీగ్ ఒక సీజన్ పాటు నిషేధించగా, డెట్రాయిట్ లయన్స్ ఆటగాడు అలెక్స్ కారస్ ఆ ఏప్రిల్‌లోనే డెట్రాయిట్‌లో 'డిక్ ద బ్రూయిజర్'తో బరిలో దిగాడు. ఆ బ్రూయిజర్ కూడా ఒకనాటి గ్రీన్ బే ప్యాకర్స్ ఆటగాడే. అందరికన్నా ఎక్కువ చెప్పుకోవలసినవాడు ఎర్నీ లాడ్. లూసియానాలో పుట్టి, గ్రాంబ్లింగ్ అనే నల్లజాతి కళాశాలలో చదివి, 1961లో కొత్త పోటీ లీగ్ ఏఎఫ్‌ఎల్‌కు చెందిన శాన్ డియేగో చార్జర్స్‌లో చేరాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి. సీజన్ లేనప్పుడు కుస్తీ పట్టేవాడు. ఆ సంపాదనే ఫుట్‌బాల్ యజమాని ముందు అతన్ని నిటారుగా నిలబెట్టింది. ఆ రోజుల్లో కాంట్రాక్టు ముగిసినా జట్టు ఇంకో ఏడాది ఆటగాణ్ని అట్టే పెట్టుకోవచ్చు, పది శాతం జీతం కోసి మరీ. చాలామంది భయపడి తిరిగి సంతకం పెట్టేసేవారు. లాడ్ 1965లో ఆ కోతను భరించి, ఏడాది గడిపి, బయటికి నడిచాడు. అదే ఏడాది జనవరిలో న్యూ ఆర్లియన్స్‌లో ఆల్‌స్టార్ మ్యాచ్ కోసం వచ్చిన నల్లజాతి ఆటగాళ్లను టాక్సీలు ఎక్కించుకోకపోతే, క్లబ్బులు రానివ్వకపోతే, ఇరవై ఒక్క మంది ఆడమని తేల్చి చెప్పారు. ముందు నిలిచినవాళ్లలో లాడ్ ఒకడు. మ్యాచ్‌ను హ్యూస్టన్‌కు తరలించక తప్పలేదు. పొట్టకూడు కోసం ఒకే గుమ్మం మీద ఆధారపడని మనిషికి మాత్రమే ఉండే ధైర్యం ఆ రెండు నిర్ణయాల్లోనూ నాకు కనిపిస్తుంది. మోకాళ్లు దెబ్బతిన్నాక పూర్తిగా బరికే వచ్చి, దుష్టపాత్రలో పేరు తెచ్చుకుని, తర్వాత బిల్ వాట్స్ నడిపిన మిడ్ సౌత్ సంస్థలో ఎవరు ఎవరితో తలపడాలో నిర్ణయించే బుకర్ కూడా అయ్యాడు. నల్లజాతి వ్యక్తికి ఆ కుర్చీ దక్కడం ఆనాడు చాలా అరుదు.

అయితే బరి స్వేచ్ఛా సీమ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1948లో ప్రమోటర్లు నేషనల్ రెజ్లింగ్ అలయెన్స్‌గా ఏర్పడి దేశాన్ని ప్రాంతాలుగా పంచుకున్నారు. ఎదురు తిరిగినవాడికి ఎక్కడా పని దొరకనిచ్చేవారు కాదు. అమెరికా న్యాయశాఖ రంగంలోకి దిగితే, 1956లో ఆ పద్ధతులు మానతామని కోర్టు ఒప్పందానికి తలొగ్గారు. కాబట్టి ఫుట్‌బాల్ యజమాని చెడ్డవాడు, కుస్తీ ప్రమోటర్ మంచివాడు అన్నది నా వాదన కాదు. ఇద్దరూ మనిషిని కట్టేయాలనే చూశారు. కానీ ఒకరి తాడు రెండోవాడి చేతిలో లేదు. ఆ ఇద్దరి మధ్య నిలబడగలిగిన కొద్దిమందికి మాత్రమే బేరమాడే చోటు దొరికింది. అది కూడా పేరున్నవాళ్లకే. బ్యాకప్ ఆటగాడు కుస్తీ పడతానని బెదిరిస్తే ఏ యజమానీ వణికి ఉండడు.

వాదనకు అసలు పరీక్ష 1986 తర్వాత వస్తుంది. ఆ ఏప్రిల్‌లో ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థ జరిపే రెజిల్‌మేనియా రెండో వేడుకలో 'రెఫ్రిజిరేటర్' విలియం పెర్రీ సహా అరడజను మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లు రెజ్లర్లతో కలిసి ఒకే రింగులో దిగారు. లీగ్‌లో ఆడేవాళ్లకు 1956 నుంచే ఆటగాళ్ల సంఘం ఉంది. రెజ్లర్లకు లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే జెస్సీ వెంచురా తోటి రెజ్లర్లను సంఘం పెట్టుకుందామని కూడగట్టబోయాడు. ఆ కబురు సంస్థ యజమానికి చేరిపోయింది, ప్రయత్నం అక్కడే ఆగింది. మరుసటి ఏడాది ఫుట్‌బాల్ ఆటగాళ్లు సమ్మె చేశారు. ప్రత్యామ్నాయ ఆటగాళ్లతో యజమానులు ఆ సమ్మెను విరిచేశారు. అయినా సంఘం కోర్టుకెక్కి పోరాడింది, 1993 నాటికి కాంట్రాక్టు ముగిసినవాడు నచ్చిన జట్టుకు వెళ్లే హక్కు వచ్చింది. టీవీ హక్కుల డబ్బుతో జీతాలు ఎగిశాయి. ఆ తర్వాత బరిలోకి వచ్చినవాళ్లను చూడండి. బిల్ గోల్డ్‌బర్గ్ అట్లాంటా ఫాల్కన్స్‌లో ఉండగా పొత్తికడుపు కండరం చీలి ఆటకు దూరమైనవాడు. డ్వేన్ జాన్సన్, మనకు 'ద రాక్', లీగ్‌లో ఎవరూ ఎంచుకోకపోతే కెనడాలో కాల్గరీ జట్టుకు వెళ్లి, 1995లో అక్కడా ఉద్వాసనకు గురై, జేబులో ఏడు డాలర్లతో ఇంటికి చేరినవాడు. రోమన్ రెయిన్స్‌ను 2007లో మినెసోటా వైకింగ్స్ తీసుకుని వదిలేసింది. వీళ్లు ఎవరూ నగర్‌స్కీలా కొలువు ధిక్కరించి రాలేదు. కొలువు పోయి వచ్చారు. ఇంకా ముఖ్యమైనది, ప్రవాహం ఒకసారి ఎదురు తిరిగింది కూడా. 2004లో బ్రాక్ లెస్నర్ రెజ్లింగ్ శిఖరాన ఉండి, ఆ ఉద్యోగం వదిలేసి, కాలేజీలో ఫుట్‌బాల్ ఆడకపోయినా వైకింగ్స్ జట్టులో చోటు కోసం ప్రయత్నించాడు. సీజన్‌కు ముందే అతన్ని తప్పించారు.

లారెన్స్ టేలర్ మాటేమిటని అడగవచ్చు. అంతటి ఫుట్‌బాల్ దిగ్గజం 1995లో రెజిల్‌మేనియా ప్రధాన పోటీలో ఆడలేదా అని. ఆడాడు, లీగ్ నుంచి విరమించాక, ఒక్క రాత్రి కోసం. అది వలస కాదు, అతిథి పాత్ర. వెర్న్ గానే అనే రెజ్లర్ సంగతి ఇంకా చిక్కుముడి. ఫుట్‌బాల్‌ను కాదనుకున్న అతను కాలేజీలో రెండుసార్లు జాతీయ కుస్తీ విజేత, బరి మీద ఇష్టం ముందునుంచీ ఉన్నవాడు. అలాంటివాళ్లను నా లెక్కలో ఇరికించడం న్యాయం కాదు. డ్వేన్ జాన్సన్ తండ్రి, తాత ఇద్దరూ రెజ్లర్లే, రెయిన్స్‌దీ రెజ్లర్ల వంశమే. ఫుట్‌బాల్ తలుపు మూసుకున్నాక ఎటు నడవాలో వాళ్లకు ఇంట్లోనే తెలిసి ఉంటుంది. కానీ ఇద్దరూ మొదట వెళ్లింది ఫుట్‌బాల్‌కే. వంశంలో కుస్తీ ఉన్న కుర్రాడు కూడా అవకాశం ఉన్నంతవరకు బంతినే పట్టుకున్నాడంటే, ఏ కొలువులో భద్రత ఎక్కువో ఆ ఇళ్లలో పెద్దవాళ్లకే బాగా తెలుసు.

ఇప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ ఫుట్‌బాల్ ఎవరిని వదిలేస్తుందా అని ఎదురుచూడటం కూడా తగ్గించింది. 2013లో ఓర్లాండోలో శిక్షణ కేంద్రం తెరిచింది. 2021 డిసెంబరులో మొదలుపెట్టిన పథకం కింద చదువు పూర్తికాకముందే కాలేజీ క్రీడాకారులతో ఒప్పందాలు చేసుకుంటోంది. అదే వయసు కుర్రాడు ఫుట్‌బాల్ లీగ్‌లో చేరితే మొదటి రోజు నుంచే ఉద్యోగి అవుతాడు, సంఘం సభ్యుడవుతాడు, కొన్ని సీజన్లు నిలిస్తే పింఛనుకు అర్హుడవుతాడు. ప్రధాన వేదిక ఎక్కే రెజ్లర్‌ను మాత్రం సంస్థ ఇప్పటికీ స్వతంత్ర కాంట్రాక్టరుగానే లెక్కిస్తోంది. వెంచురా కోరిన సంఘం ఇంతవరకు ఏర్పడలేదు.